చెన్నైలో రెండు నెలల క్లినికల్ రీసెర్చ్: ముందు అనుమతి, తర్వాతే రైలు టికెట్

ఎంబీబీఎస్ మధ్యలోనో, ఫార్మ్‌డీ చివర్లోనో, ఎంఎస్సీ డిసర్టేషన్‌కి ముందో చెన్నై వచ్చి రెండు నెలలు రీసెర్చ్ నేర్చుకోవాలనుకునే తెలుగు పిల్లలు ఏటా వేసవిలో కనిపిస్తూనే ఉంటారు. నెల్లూరు, తిరుపతి వాళ్లకైతే హైదరాబాద్ కన్నా చెన్నైయే దగ్గర. వాళ్లలో చాలామంది మొదట అడిగేది, "ఏ ఇన్‌స్టిట్యూట్ మంచిదండీ?" అని. ఇక్కడ స్టడీ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ ప్రశ్నతో మొదలుపెట్టకండి. "మీ దగ్గర ఎథిక్స్ అనుమతి వచ్చి నడుస్తున్న స్టడీ ఏదైనా ఉందా? అందులో నేను రెండు నెలల్లో పూర్తి చేయగలిగిన పని ఉందా?" అని అడగండి. దీనికి "ఉంది" అనే గైడ్ దొరికితే సంస్థ పేరు కాస్త చిన్నదైనా పర్వాలేదు. దొరక్కపోతే ఎంత పెద్ద ఆసుపత్రికి వచ్చినా మొదటి నెల ఎథిక్స్ కమిటీ (రోగులతో చేసే పరిశోధనకు అనుమతి ఇచ్చే కమిటీ) మీటింగ్ ఎప్పుడా అని ఎదురుచూడటంతోనే సరిపోతుంది.

ముందు మీ దారి ఏదో తేల్చుకోండి

ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. అందరూ ఎస్టీఎస్ అనేది దీన్నే. 1979 నుంచి నడుస్తోంది. రెండు నెలల ప్రాజెక్టు. కాకపోతే అది మీ కాలేజీలోనే, మీ కాలేజీ అధ్యాపకుల దగ్గరే చేయాలి. ఎస్టీఎస్ పేరు చెప్పుకుని చెన్నై రావడం కుదరదు. పైగా రిపోర్ట్ పంపి, వాళ్లు దాన్ని అంగీకరించాకే సర్టిఫికెట్, స్టైపెండ్ వస్తాయి. ఆ డబ్బుతో హాస్టల్ ఖర్చు గడుస్తుందని లెక్క వేసుకోకండి.

ఎంఎస్సీ లైఫ్ సైన్సెస్ వాళ్లు మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ చూడొచ్చు. దాని వ్యవహారం అంతా బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నుంచి నడుస్తుంది. వేసవికి కావాలంటే అంతకుముందు ఏడాది చివర్లోనే దరఖాస్తు పెట్టుకోవాలి. ఎంబీబీఎస్ వాళ్లకు థర్డ్ ఇయర్ పార్ట్ 1 తర్వాత ఎలెక్టివ్స్ (నచ్చిన విభాగం ఎంచుకుని పనిచేసే వారాలు) వస్తాయి. కానీ ఆ వారాలు మీ కాలేజీ లెక్కలో ఉంటాయి, కాబట్టి బయటికి పంపడానికి వాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి.

ఇవేవీ కాకుండా నేరుగా ఒక గైడ్‌కి మెయిల్ పెట్టి రావడం ఇంకో దారి. చెన్నైకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ దారినే వస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త. "రీసెర్చ్ సర్టిఫికెట్, పేపర్‌లో పేరు గ్యారంటీ" అని డబ్బు అడిగే ఏజెన్సీలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి, వాటి జోలికి పోకండి. కొన్ని ఆసుపత్రులు పద్ధతి ప్రకారం ఫీజు తీసుకునే మాట నిజమే. అది సంస్థ ఖాతాకే వెళ్లాలి, చేతికి రసీదు రావాలి. ఎవరి సొంత నంబర్‌కో ఫోన్‌పే చేయమంటే అక్కడితో ఆపేయండి.

గైడ్‌కి రాసే మెయిల్

మే, జూన్‌లో రావాలంటే నవంబర్‌లో మెయిల్ పెట్టండి. "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్" అని ఒకే మెయిల్ ఇరవై మందికి కొట్టకండి. చదివేవాళ్లకు మొదటి లైన్‌లోనే తెలిసిపోతుంది. ఐదారుగురిని ఎంచుకుని, ఒక్కొక్కరివి ఈ మధ్య వచ్చిన పేపర్లు రెండు నిజంగా చదివి, వాటిలో మీకు తట్టిన ఒక సందేహం రాయండి. తర్వాత మీరు ఏ కోర్సు, ఏ ఏడాది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఖాళీ, మీకు వచ్చిన పనులేమిటి. ఎక్సెల్ బాగా వచ్చా? తెలుగు రోగులతో మాట్లాడగలరా? తమిళం కొంచెమైనా వచ్చా? ఇవి మార్కుల కన్నా ఎక్కువ పనికొస్తాయి. ఆంధ్ర నుంచి చెన్నై ఆసుపత్రులకు వచ్చే రోగులు తక్కువేం కాదు. వాళ్లతో గంట కూర్చుని ప్రశ్నాపత్రం నింపగల మనిషి అంటే ఏ గైడ్‌కైనా అవసరమే.

పది రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే ఇంకొకరిని చూసుకోండి.

ఎవరిని ఎంచుకోవాలో తేలక తికమకపడితే, సంస్థ ఏ పనికి పేరుపడిందో చూడండి. టీబీ అయితే చెట్‌పట్‌లోని ఐసీఎంఆర్ సంస్థ, ఎన్ఐఆర్‌టీ. ఎపిడెమియాలజీ అయితే అయపాక్కంలో ఉన్న ఎన్ఐఈ. క్యాన్సర్ అంటే అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, కళ్లంటే శంకర నేత్రాలయ, మానసిక ఆరోగ్యమైతే అన్నానగర్‌లోని స్కార్ఫ్, షుగర్ అయితే మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్. పెద్ద డేటా ఇప్పటికే చేతిలో ఉన్న చోట తక్కువ సమయంలో ఎక్కువ నేర్చుకోవచ్చు. డయాబెటిస్ ఫౌండేషన్ వాళ్ల క్యూర్స్ స్టడీలో చెన్నైలో 26,001 మందిని పరీక్షించారు. వయసు, నడుము చుట్టుకొలత, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా, రోజూ ఒళ్లు ఎంత కదులుతుంది అనే నాలుగు సంగతులతో షుగర్ ముప్పు చెప్పే ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్ ఆ డేటా నుంచే వచ్చింది. ఇంటింటికీ తిరిగే పని అయిపోయిన తర్వాత కూడా డేటాలో ఇంకా ఎన్నో ప్రశ్నలు మిగిలి ఉంటాయి.

ప్రశ్నను కుదించండి

ఎక్కువ రోజులు పెట్టాల్సింది ఇక్కడే. చెన్నైలోనే జరిగిన ఒక స్టడీ చూడండి. 1956లో చెట్‌పట్‌లో ట్యూబర్‌క్యులోసిస్ కీమోథెరపీ సెంటర్ పెట్టారు. ఈనాటి ఎన్ఐఆర్‌టీ అదే. ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి దాన్ని నడిపాయి. అప్పట్లో టీబీ వస్తే శానటోరియంలో (టీబీ రోగుల కోసం ఉండే ఆసుపత్రి) నెలల తరబడి పడుకోబెట్టేవాళ్లు. వాళ్లు అడిగిన ప్రశ్న ఒక్కటే. అవే మందులు ఇంట్లో ఉండి వేసుకుంటే ఏడాది తర్వాత శానటోరియంలో ఉన్నవాళ్ల లాగే నయమవుతుందా? రెండు వందల లోపు రోగులను రెండు గుంపులుగా చేసి చూశారు. ఇరుకు ఇళ్లలో, అరకొర తిండి తింటూ ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లోవాళ్లకు అదనంగా ముప్పు రాలేదని కూడా తేలింది. 1959లో అచ్చైన ఈ ఫలితంతో ప్రపంచమంతా శానటోరియంల మీద ఆధారపడటం తగ్గించింది. వాళ్లకు సంవత్సరాలు పట్టింది నిజమే. కానీ ప్రశ్న మాత్రం ఒక్క వాక్యంలో ఇమిడింది. మీ ప్రశ్న కూడా అంతే ఇమడాలి.

ఉదాహరణకు "టీబీ, షుగర్ మధ్య సంబంధం" అని రాసుకొచ్చారనుకుందాం. అది ప్రశ్న కాదు, అధ్యాయం పేరు. కుదిస్తూ రండి. ఎవరిలో? ఈ ఆసుపత్రిలో గత ఏడాది కొత్తగా టీబీ మందులు మొదలుపెట్టిన పెద్దవాళ్లలో. ఏమిటి? ఎంత శాతం మందికి షుగర్ ఉంది. షుగర్ ఉందని ఎలా అంటారు? ముందే మందులు వాడుతున్నారా, ఫాస్టింగ్ షుగర్ 126 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉందా, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.5 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉందా, వీటిలో ఏది లెక్క? టీబీ ముదిరినప్పుడు ఒంట్లో ఉన్న ఒత్తిడికి షుగర్ తాత్కాలికంగా పెరిగి, మందులతో తగ్గిపోవచ్చు. మరి ఒక్క పరీక్షతోనే "షుగర్ ఉంది" అని రాసేస్తారా? ఇవన్నీ మొదటి కేస్ షీట్ తెరవకముందే గైడ్‌తో కూర్చుని తేల్చుకోవాలి. సగంలో నిర్వచనం మారిస్తే మొదటి వంద షీట్లు మళ్లీ చూడాల్సి వస్తుంది.

తర్వాత లెక్క. కమ్యూనిటీ మెడిసిన్‌లో చదువుకున్న 4పీక్యూ బై డీ స్క్వేర్ గుర్తుంది కదా, ఎంతమంది కావాలో చెప్పే సూత్రం. పీ అంటే అంచనా శాతం, క్యూ అంటే మిగతా శాతం, డీ అంటే ఒప్పుకోగల తేడా. 20 శాతం మందికి షుగర్ ఉంటుందని అంచనా, 5 శాతం అటూ ఇటూ పర్వాలేదు అనుకుంటే 4 × 20 × 80 ÷ 25, అంటే 256 మంది కావాలి. ఎనిమిది వారాల్లో ఆదివారాలు పోగా 48 రోజులు. మొదటి వారం, చివరి రెండు వారాలు తీసేస్తే 30 రోజులు చేతిలో ఉంటాయి. రోజుకు తొమ్మిది కేస్ షీట్లు. పాత షీట్లు చూసే పనైతే ఇది హాయిగా అవుతుంది. అదే 256 మంది రోగులను మీరే కలిసి, సమ్మతి తీసుకుని, అరగంట మాట్లాడాలంటే రోజుకు నాలుగున్నర గంటలు మాట్లాడటానికే పోతాయి. ఓపీలో అంతమంది రావాలి, వచ్చినవాళ్లు ఒప్పుకోవాలి. ఇలా కాగితం మీద లెక్క వేసి చూస్తే సగం ఆలోచనలు అక్కడే ఆగిపోతాయి, అది మంచిదే.

ఎథిక్స్ కమిటీ

బయటి కాలేజీ విద్యార్థి ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ (స్టడీకి ప్రధాన బాధ్యుడు) కాలేరు, ఆ బాధ్యత గైడ్‌దే. అనుమతి ఉన్న స్టడీలో మీ చిన్న ప్రశ్నను చేర్చాలంటే గైడ్ ఒక సవరణ పంపుతారు. అందులో మీ పేరు, మీరు చేసే పని, కొత్తగా చూడబోయే వివరాలు ఉంటాయి. కొత్త ప్రతిపాదన కన్నా ఇది తొందరగా తేలే అవకాశం ఎక్కువ. అందుకే మొదట్లో ఆ ప్రశ్న అడగమన్నాను.

కొత్త ప్రతిపాదనే పెట్టాల్సి వస్తే జనవరిలో రాసి ఫిబ్రవరి మీటింగ్‌కి అందేలా చూసుకోండి. ప్రోటోకాల్ (స్టడీ ఎలా చేస్తారో రాసిన ప్రణాళిక), డేటా నింపే ఫారం, సమ్మతి పత్రాలు ఇంగ్లిష్, తమిళం, తెలుగుల్లో, అందరి సీవీలు, హెచ్ఓడీ (విభాగాధిపతి) లేఖ, ఖర్చు ఎవరు పెడతారు అనే కాగితం. వీటిలో ఒక్కటి తగ్గినా ఫైలు వచ్చే మీటింగ్‌కి వాయిదా పడుతుంది. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీలో 7 నుంచి 15 మంది ఉంటారు. అధ్యక్షులు బయటి సంస్థవాళ్లే అయి ఉండాలి. డాక్టర్లతో పాటు లాయర్, సామాజిక శాస్త్రం తెలిసినవాళ్లు, ఏ వైద్యమూ తెలియని ఒక మామూలు మనిషి కూడా ఉంటారు. నా అనుభవంలో అందరికన్నా పదునైన ప్రశ్న ఆ మామూలు మనిషే వేస్తారు. "ఈ కాగితం మా అమ్మకు అర్థమవుతుందా?" అని.

"పాత కేస్ షీట్లే కదా, అనుమతి ఎందుకు?" అని అడిగేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. అలాంటి పనికి పూర్తి కమిటీ కూర్చోకుండా త్వరగా చూసే పద్ధతి ఉంది, కొన్నింటికి మినహాయింపు కూడా ఉంది. కానీ ఏది దేని కిందికి వస్తుందో తేల్చేది కమిటీయే. మీరూ కాదు, మీ గైడూ కాదు. డేటా తీశాక అనుమతి అడిగితే ఆ డేటా అచ్చుకు పనికిరాదు.

మీ పని మందును గానీ, చికిత్సను గానీ పరీక్షించే ట్రయల్‌లో భాగమైతే అది సీటీఆర్ఐలో (మన దేశంలో ట్రయల్స్‌ని నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్టర్ అయిందో లేదో మీరే వెబ్‌సైట్‌లో చూసుకోండి. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే రిజిస్టర్ చేయాలి, తర్వాత చేస్తామంటే తీసుకోరు.

వచ్చేలోపు

చెన్నై ఎన్ఐఈ వాళ్లు ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక) పెట్టిన హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్ కోర్సు చూడండి, పాఠాలు ఉచితం. గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకోండి, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. కాలేజీ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే లేఖ), హెపటైటిస్ బీ టీకా వేసుకున్న రుజువు, రెండు ఫొటోలు. టీబీ వార్డు అయితే ఎన్95 మాస్కులు. రిఫరెన్సులకు జొటెరో, లెక్కలకు జమోవి ఇన్‌స్టాల్ చేసుకోండి, రెండూ ఉచితమే. మే చివర్లో ఇంటింటి సర్వే ఉందంటే రోహిణి కార్తె ఎండల్లో మద్రాసు ఉక్కపోత ఎలా ఉంటుందో ఇంట్లోవాళ్లని అడగండి, సర్వే ఉదయం ఏడింటికే మొదలుపెట్టేలా ఏర్పాటు చేసుకోండి. బస ఆసుపత్రికి దగ్గరగా ఉంటే చాలు. రూమ్‌లో ఏసీ ఉందా అన్నది తర్వాతి మాట.

మొదటి వారం

రికార్డులు ఉండేది ఎంఆర్‌డీలో, అంటే మెడికల్ రికార్డ్స్ విభాగంలో. అక్కడి సిబ్బందికి పాత రిజిస్టర్లు ఎక్కడున్నాయో, ఏ ఏడాది షీట్లు స్కాన్ అయ్యాయో, ఏవి తడిసిపోయాయో అన్నీ తెలుసు. అనుమతి పత్రం కాపీ, హెచ్ఓడీ సంతకంతో లేఖ తీసుకుని స్వయంగా వెళ్లండి. "అక్కా", "అన్నా" అని పిలవండి, ఈ రెండూ తమిళంలోనూ అవే. రోజుకు ఎన్ని షీట్లు తీసి ఇవ్వగలరో వాళ్లనే అడిగి, దాన్ని బట్టి మీ లెక్క సరిచేసుకోండి.

గైడ్‌కి తీరిక ఉండదు. ఓపీ, రౌండ్లు, మీటింగులు. వారానికి ఒక్కసారి, ఫలానా రోజు, ఫలానా టైమ్ అని ఇరవై నిమిషాలు ఖాయం చేసుకోండి. ముందు రోజు రాత్రి ఒక పేజీ పంపండి. ఏం చేశాను, ఎక్కడ ఆగాను, మీరు తేల్చాల్సినవి ఏమిటి. మిగతా రోజుల్లో మీకు నిజంగా నేర్పేది పీహెచ్‌డీ స్కాలరో, సీనియర్ రెసిడెంటో అవుతారు. స్టాటిస్టీషియన్‌ని కూడా మొదటి వారంలోనే కలవండి. చివరి వారం ఎక్సెల్ ఫైలు పట్టుకుని వచ్చేవాళ్లను చూస్తే వాళ్లకు చిరాకు, అందులో న్యాయం ఉంది.

ఖాళీ టేబుళ్లు కూడా ఈ వారమే గీసుకోండి. ఫలితాల్లో మొదటి టేబుల్‌లో ఏ వరుసలు, ఏ నిలువులు ఉంటాయో అంకెలు లేకుండా గీస్తే, మీకు ఏ వివరం కావాలో, ఏది అక్కర్లేదో అక్కడే తెలిసిపోతుంది. ముప్పై వివరాలు తీద్దామనుకున్నవాళ్లు టేబుల్ గీశాక పన్నెండుకు వస్తారు.

సమ్మతి తీసుకునేటప్పుడు

రోగులతో నేరుగా మాట్లాడే స్టడీ అయితే, మీకు తెలుగు వచ్చినందుకు ఈ పని మీ మీదే పడుతుంది. దీన్ని కాగితం మీద సంతకం పెట్టించే పనిగా చూడకండి. సూళ్లూరుపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన ముందు నాలుగు పేజీలు పెట్టి పెన్ను ఇస్తే ఆయనకు ముందు గుర్తొచ్చేది రిజిస్ట్రార్ ఆఫీసు. "దేనికమ్మా సంతకం?" అని వెనక్కి జరుగుతారు. కాగితం పక్కన పెట్టి, కూర్చుని, మామూలు మాటల్లో చెప్పండి. "పెద్దాయనా, టీబీతో పాటు షుగర్ ఎంతమందికి ఉందో చూస్తున్నాం. మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతాను. మీ రక్తపరీక్ష రిపోర్ట్ చూస్తాను. కొత్తగా సూది గుచ్చేది ఏమీ లేదు."

అప్పుడు ఆయన అసలు అడగాలనుకున్నది అడుగుతారు. "నేను వద్దంటే ఇక్కడ మందులు ఇవ్వరా?"

ఈ ప్రశ్నకు మీరు చెప్పే జవాబులో తడబాటు ఉండకూడదు. "వద్దన్నా మందులు ఇస్తారు, డాక్టరు గారు ఇలాగే చూస్తారు. ఒప్పుకుని రేపు మానేసినా ఏమీ అనరు." చెప్పాక, ఏం అర్థమైందో ఆయన మాటల్లోనే చెప్పమనండి. ఆయన "నాకు షుగర్ తగ్గించడానికి కొత్త మందు ఇస్తున్నారు" అన్నారంటే మీరు చెప్పింది అందలేదని అర్థం. మళ్లీ మొదటినుంచి చెప్పండి. చదవడం రానివాళ్లయితే స్టడీతో సంబంధం లేని సాక్షి మొదటినుంచి చివరిదాకా పక్కనుండాలి, వేలిముద్రతో పాటు ఆ సాక్షి సంతకమూ ఉండాలి. వార్డు బాయ్‌ని చివర్లో పిలిచి సంతకం పెట్టించడం సాక్ష్యం కాదు. ఒక కాపీ రోగికి ఇచ్చి తీరాలి. పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతితో పాటు ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా అడగాలి. పన్నెండు దాటితే అది రాతలో ఉండాలి.

తెలుగు సమ్మతి పత్రం మీ చేతికి వచ్చినప్పుడు ఒకసారి పైకి చదవండి. "పరిశోధనా భాగస్వామి యొక్క స్వచ్ఛంద అంగీకారము" లాంటి వాక్యాలు కనిపిస్తే గైడ్‌కి చెప్పండి. మార్చిన పత్రాన్ని కమిటీ మళ్లీ ఆమోదించాలి. మీరే పెన్నుతో దిద్దేయకూడదు.

డేటా

ముందు పది షీట్లతో ఫారం పరీక్షించండి. పొగ తాగే అలవాటు గురించి పది షీట్లలో ఏడింటిలో ఏమీ రాసి లేదనుకోండి, ఆ వివరంతో మీకు పని జరగదు, తీసేయండి. "లేదు" వేరు, "రాయలేదు" వేరు. రెండింటికీ వేర్వేరు అంకెలు పెట్టండి. ఖాళీ గడి ఉంటే మర్చిపోయారో, షీట్‌లోనే లేదో నెల తర్వాత మీకే తెలియదు. తేదీల విషయంలో ఎక్సెల్‌ని నమ్మకండి. 03-04 అని కొడితే అది ఏప్రిల్ మూడుగా చదువుతుందో, మార్చి నాలుగుగా చదువుతుందో మీ కంప్యూటర్ సెట్టింగ్ మీద ఆధారపడి ఉంటుంది. రోజు, నెల, సంవత్సరం మూడు గడుల్లో విడిగా వేస్తే గొడవ ఉండదు.

పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబర్ డేటా షీట్‌లోకి రాకూడదు. స్టడీ నంబర్ ఇచ్చి, ఏ నంబర్ ఎవరిదో చెప్పే జాబితా ఆసుపత్రిలోనే, గైడ్ దగ్గరే ఉంచాలి. "సాయంత్రం రూమ్‌లో ఎక్కిస్తాను" అని కేస్ షీట్‌ని ఫోన్‌లో ఫొటో తీయడం చాలామంది చేస్తారు. చేయకండి. బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఆ ఫొటో మీ గూగుల్ ఖాతాలోకి, అక్కడ ఫొటోలు ఇంట్లోవాళ్లతో పంచుకునేలా పెట్టి ఉంటే వాళ్ల ఫోన్లలోకి కూడా పోతుంది.

చివరి రెండు వారాలు

ఆరో వారం చివర డేటా తీయడం ఆపేయండి, 256 బదులు 230 దగ్గర ఉన్నా సరే. ఎందుకు తగ్గిందో రాస్తే చాలు. ముందు శాతం, దానికి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు శాతం ఉండగల హద్దులు). 256 మందిలో 50 మందికి షుగర్ ఉందని తేలితే అది 19.5 శాతం, ఇంటర్వెల్ సుమారు 15 నుంచి 24. ఇంతే రాసినా అది నిజాయితీగల ఫలితం. పీ వాల్యూ (అసలు తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.05 కన్నా తగ్గేదాకా ఒక్కో వివరాన్నీ దేనితోనో జతచేసి చూడటం మాత్రం వద్దు. ఇరవై జతలు చూస్తే సగటున అందులో ఒకటి ఊరికే తగ్గి కూర్చుంటుంది. రాసేటప్పుడు, ఇలాంటి స్టడీ రిపోర్ట్‌లో ఏమేం ఉండాలో చెప్పే స్ట్రోబ్ చెక్‌లిస్ట్‌లో ఉన్న 22 అంశాలు ఎదురుగా పెట్టుకోండి.

పేపర్‌లో పేర్ల సంగతి మొదటి నెలలోనే అడగండి, మొహమాటపడకండి. డేటా తీసినంత మాత్రాన రచయిత కారు. పనిలో చెప్పుకోదగ్గ భాగం ఉండాలి, రాతలోనో దిద్దడంలోనో చేయి ఉండాలి, చివరి ప్రతిని ఆమోదించాలి, అందులో ఉన్నదానికి జవాబుదారీగా ఉండాలి. వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ అయిన ఐసీఎంజేఈ ఈ నాలుగూ కావాలంటుంది. ఈ అవకాశం ఇవ్వమని గైడ్‌ని అడగడం తప్పు కాదు. రాకపోతే కృతజ్ఞతల్లో పేరుంటుంది, అదీ మర్యాదే.

వెళ్లేముందు డేటా ఫైలు, ఏ అంకెకు ఏ అర్థమో రాసిన కాగితం, విశ్లేషణ చేసిన ఫైలు గైడ్‌కి ఇచ్చి, ఇచ్చినట్టు మెయిల్ పెట్టండి. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న కాపీ ఉంచాలా, తుడిచేయాలా అని అదే మెయిల్‌లో అడగండి. ఐడీ కార్డు, లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇస్తేగానీ సర్టిఫికెట్ ఇవ్వరు, దానికి రెండు పని దినాలు ఉంచుకోండి. ఊరికి వెళ్లాక "మీ పేపర్ వారంలో వేస్తాం" అంటూ ఎవరో జర్నల్ పేరుతో మెయిల్ పెడతారు. జవాబివ్వకుండా దాన్ని గైడ్‌కి ఫార్వర్డ్ చేయండి.